రెండో మెషీను కూత

మంగళవారం టీ గంటకి ఇంకా అయిదు నిమిషాలుందనగా రెండో మెషీను దగ్గర ఇనుము ఇనుముని గుద్దింది.

షెడ్డులో రోజూ వంద చప్పుళ్లు. ఆకురాయి రుద్దుడు, లోహపు పొట్టు రాలే సవ్వడి, పక్క షెడ్డులో వెల్డింగు చిటపట. వాటికి ఎవరూ తల తిప్పరు. ఈ చప్పుడు కాళ్ల కింద గచ్చులోంచి వచ్చింది. దాని వెనకే లోహాన్ని కోసే టూలు విరిగిన కీచు, ఆ వెనకే ఎర్ర బటన్ మీద అరచెయ్యి పడ్డ చప్పుడు. తర్వాత మిగతా మూడు మెషీన్లూ ఒక్కొక్కటే ఆగాయి. ఎవరూ ఆపమనలేదు. చేతులు వాటంతటవే ఆపేశాయి.

టంకం బాబాయి నాలుగో మెషీను పక్కన నిచ్చెన మీద ఉన్నాడు. కంప్యూటరు గదిలోంచి నాలుగు మెషీన్లకీ కేబుళ్లు లాగింది, కనెక్టర్లకి టంకం పెట్టింది ఆయనే. ఆ పేరు పడి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. నోట్లో పట్టుకున్న ప్లాస్టిక్ కట్లు జేబులో వేసుకుని, మోకాళ్లు నెప్పెట్టకుండా ఒక్కో మెట్టే దిగాడు. దిగేసరికి జనం మూగారు.

మెషీను తలుపు తెరిచి ఉంది. లోపల పంపు మూతని బిగించి పట్టుకున్న ఇనుప క్లాంపు పక్కకి వాలిపోయింది. టూలు సగానికి విరిగింది. మూత మీద వేలు పట్టేంత గాడి. ముందు నుంచున్న ఆపరేటరు చెయ్యి ఇంకా ఎర్ర బటన్ మీదే ఉంది. అందరూ ఆమెని లెక్కలక్క అంటారు. కాగితం లేకుండా ఏ కొలతకైనా కూడికా తీసివేతా చెప్పేస్తుంది.

"ఏమైంది?" అన్నాడు ఫోర్‌మన్, ఏమైందో కళ్లముందే కనబడుతున్నా.

"టూలు పైకి లేవలేదు సార్. యాభై మిల్లీమీటర్లు లేవాలి, లేవకుండానే పక్కకి ఉరికింది."

యజమాని గాజు గదిలోంచి వచ్చాడు. ముందు మెషీనుని చూశాడు, తర్వాత మూతని, ఆఖరికి మనిషిని. వెనకాలే ఆయన మేనల్లుడు. కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాములు రాసి, కేబుల్లోంచి మెషీన్లకి పంపేది అతనే.

"నా ఫైల్లో టూలు లేవాల్సిన ఎత్తు, జెడ్, యాభై అనే ఉంది మామయ్యా. కావాలంటే చూడు," అన్నాడు మేనల్లుడు, ఎవరూ అడక్కముందే.

ఫోర్‌మన్ మెషీను తెర మీద లైన్లు ఒక్కొక్కటే కిందికి జరిపాడు. ఆగిన చోట జెడ్ పది అని ఉంది. కంప్యూటర్లో యాభై. మెషీన్లో పది. క్లాంపు ఎత్తు ముప్పై.

"ఎవరు మార్చారు దీన్ని?" అన్నాడు యజమాని.

"నేను మార్చలేదు సార్."

"మరి మెషీనే మార్చుకుందా? దానికి కొత్తగా బుద్ధి పుట్టిందా?"

 ఫోర్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "పదిహేను రోజుల కింద నువ్వే కదమ్మా అన్నావు. యాభై ఎందుకు దండగ, ముప్పై అయిదు చాలు, మూతకి అరనిమిషం కలిసొస్తుందని."

"అన్నాను. మీరు వద్దన్నారు. ఊరుకున్నాను."

"ఊరుకున్నావో లేదో ఇదిగో, కనబడుతోందిగా."

"ముప్పై అయిదు అన్నదాన్ని పది ఎందుకు పెడతాను సార్? క్లాంపు ఎత్తే ముప్పై. ఆ మాత్రం లెక్క నాకు రాదా?"

ఆ ప్రశ్నకి జవాబు అక్కడ అందరికీ తెలుసు. కానీ పది అంకె తెర మీద వెలుగుతూనే ఉంది. మెషీను మీద చెయ్యి ఉన్నది ఆమెది.

"వేలు జారింది," అన్నాడు యజమాని అలసటగా. "కొన్నవాళ్లు సరుకు ఎందుకు ఆలస్యమైందో కాగితం మీద అడుగుతారు. ఎవరి వల్లో రాసివ్వాలి. నీ పొరపాటని రాసి సంతకం పెట్టు. శనివారం దాకా టైమిస్తున్నా. అప్పటిదాకా రుద్దుడు బల్ల దగ్గర కూర్చో. మెషీను ముట్టుకోకు."

"సంతకం పెట్టకపోతే?"

"పెట్టకపోతే శనివారం తర్వాత రానక్కర్లేదు."

ఆయన వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు. మంచి మూడ్‌లో ఉంటే టంకం బాబాయిని అందరిలాగే బాబాయ్ అంటాడు. కోపంగా ఉంటే పిలుపు మారిపోతుంది.

"ఎలక్ట్రీషియన్ గారూ, మీరు కేబులు పరీక్ష చేసి బాగానే ఉందని రెండు ముక్కలు రాసివ్వండి. రెండు కాగితాలూ కలిపి పంపిద్దాం. అన్నట్టు, మీరు రిటైరయ్యాక రెండేళ్ల పొడిగింపు కాగితం సోమవారం టైపు చేయిస్తున్నా."

టీ గంట కొట్టింది. ఎవరూ కదల్లేదు.

బుధవారం పొద్దున టంకం బాబాయి మీటరు పట్టుకుని మెషీను వెనక కూర్చున్నాడు. కూర్చోవడమంటే ముందు గుడ్డ పరిచి, ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చెయ్యి మోకాలి మీద పెట్టి కిందికి దిగడం. ఏడాది కిందటి దాకా ఇదంతా లేదు.

కేబులు కొసన ఇరవై అయిదు పిన్నుల కనెక్టరు. మరలు విప్పి మూత తీశాడు. లోపల ఆయన పెట్టిన టంకం చుక్కలు, ఒక్కోటీ ఆవగింజంత, మెరుస్తూ. ఎక్కడా చిట్లలేదు. అటు చివర కంప్యూటరు గదిలో మేనల్లుడు కనెక్టరు పట్టుకున్నాడు. గాజులోంచి సైగలు.

"రెండు!" అని అరిచాడు బాబాయి. అటు రెండో పిన్నుకి వైరు తగిలింది. మీటరు కుయ్ మంది. "మూడు!" కుయ్. "ఏడు!" కుయ్. కేబులు పట్టుకుని కుదిపాడు, వంచాడు, మెలితిప్పాడు. మీటరు గొంతు తడబడలేదు.

కేబులు బాగానే ఉంది. ఆ మాట రాస్తే అబద్ధం కాదు.

ఆయన కనెక్టరు మూత బిగించి, లేచి, మెషీను తెర దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూసి సెట్టింగుల పేజీ తెరిచాడు. మూడో వరసలో పారిటీ అని ఒక గడి. అందులో సున్నా.

ఉంటుందని ఆయనకి తెలుసు. మంగళవారం జెడ్ పది అన్న అంకె చూసినప్పుడే గుర్తుపట్టాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాడు.

మూడు నెలల కింద ఆ గడిలో ఒకటి ఉండేది. అప్పట్లో పక్క షెడ్డులో వెల్డింగు మొదలైందంటే మెషీన్లు, అందులోనూ రెండోది, కూత పెట్టేవి. కంప్యూటరు పంపే ప్రోగ్రాము సగంలో ఉండగా ఎర్ర దీపం, కీ మని అలారం, మొత్తం మళ్లీ మొదటినుంచి. ఒక్కోసారి పంపడానికి పది నిమిషాలు. అలా రోజుకి ఏడెనిమిది సార్లు. ఫోర్‌మన్ వెంటపడ్డాడు, ఆ గోల ఆపించమని. ఈయన నిచ్చెనెక్కి చూశాడు. వెల్డింగు షెడ్డుకి వెళ్లే బొటనవేలంత కరెంటు తీగ, ఈ సన్నటి కేబులు, రెండూ పైన తీగలు పరిచే ఒకే రేకు ట్రేలో ఒకదాన్నొకటి రాసుకుంటూ పడుకున్నాయి. కేబులుని అవతలి గోడ మీదుగా మళ్లించాలి. అది ఒక రోజు పని, నాలుగు మెషీన్లూ ఆపి చేయాల్సిన పని. నాలుగు మెషీన్ల గడుల్లోనూ ఒకటి తీసి సున్నా పెట్టడం నాలుగు నిమిషాల పని.

కూత ఆగిపోయింది. అందరూ మెచ్చుకున్నారు కూడా.

"రాశారా?" యజమాని గాజు గదిలోంచి తల బయటపెట్టాడు.

"చూస్తున్నా సార్. ఇంకా ఉంది."

"కేబులుకి ఎక్స్‌రే తీయిస్తారా ఏంటి?"

ఆ సాయంత్రం ఇంట్లో భార్య వేడినీళ్ల గుడ్డ మోకాలి మీద వేసి నొక్కింది. ఆయన పళ్లు బిగించాడు.

"పొడిగింపు కాగితం సంగతేమన్నా చెప్పారా?"

"సోమవారం ఇస్తానన్నాడు."

"హమ్మయ్య. చిన్నవాడి చదువు గట్టెక్కుతుంది." గుడ్డ మళ్లీ తడిపి పిండింది. "అదొక్కటే కాదులెండి. మీరు పొద్దస్తమానం ఇంట్లో ఉంటే ప్రతి స్విచ్చీ విప్పి చూస్తారు. ఆ రెండేళ్లు నాకు సెలవనుకుంటాను."

ఆయన నవ్వలేదు. ఆవిడ మొహంలోకి చూసింది.

"ఏమైందండీ?"

"ఒకావిడ ఉద్యోగం పోతోంది."

"తప్పు చేసిందా?"

"లేదు."

"ఆ సంగతి మీకెలా తెలుసు?"

మోకాలి మీద గుడ్డ చల్లారిపోయింది. ఆయన దాన్ని తీసి బకెట్లో వేశాడు. "అన్నం పెట్టు," అన్నాడు.

గురువారం భోజనాల వేళ టంకం బాబాయి పక్క షెడ్డుకి వెళ్లాడు. వెల్డరు టిఫిను డబ్బా మూత తీస్తున్నాడు. వెల్డరుని అందరూ నిప్పుల మామ అంటారు. చొక్కా నిండా నిప్పురవ్వలు కాల్చిన చిల్లులు.

"బావా, అరగంట వెల్డింగు చెయ్యాలి."

"అన్నం తినే వేళ వెల్డింగా? ఏం అతికించాలి?"

"ఏదైనా. ఏమీ లేకపోతే పనికిరాని రేకు ముక్క మీద గీతలు గియ్యి. ఆపకుండా."

నిప్పుల మామ డబ్బా మూత మళ్లీ పెట్టాడు. "నీకు మతిపోయిందంటే ఒప్పుకుంటా బావా. కానీ కారణం చెప్పవూ?"

"రేపు చెబుతా."

"సరే. నా కూర చల్లారిపోతే మీ చెల్లెలికి నువ్వే సమాధానం చెప్పాలి."

రెండో మెషీనుకి విరిగింది టూలూ క్లాంపూ. బుర్ర బాగానే ఉంది. కంప్యూటరు గదిలో మేనల్లుడు ఒక చేత్తో తింటూ రెండో చేత్తో పంపే మీట నొక్కాడు. మంగళవారం నాటి ప్రోగ్రామే. అది మెషీన్లోకి వెళ్లాక, మెషీను నుంచి తిరిగి కంప్యూటర్లోకి తెప్పించి, రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. పది నిమిషాలు పట్టే మొత్తం ప్రోగ్రాము వద్దని, మొదటి భాగం మాత్రం పంపమన్నాడు బాబాయి. పోనూ రానూ మూడు నిమిషాలు.

గోడ అవతల చిటపట మొదలైంది. నీలం వెలుగు పైకప్పు రేకు సందుల్లోంచి పడుతోంది.

మొదటిసారి తేడా లేదు. రెండోసారి లేదు. మూడు, నాలుగు, అయిదు. మేనల్లుడు చెయ్యి కడుక్కొచ్చాడు.

"దేనికోసం చూస్తున్నాం?"

"తేడా కోసం."

"తేడా వస్తే నాకేమన్నా అవుతుందా?"

"నీ ఫైలు బాగానే ఉంది. నీకేం కాదు."

అక్కడినుంచి అతను కొంచెం ఉత్సాహంగా నొక్కాడు. ఎనిమిది. తొమ్మిది. అరగంట దాటి నిప్పుల మామ ఒకసారి తలుపులో కనబడి, పొట్ట పట్టుకుని చూపించి, మళ్లీ వెళ్లాడు. పదకొండోసారి పోల్చే పేజీలో ఒక లైను పసుపుపచ్చగా వెలిగింది. టూలు పక్కకి ఎంత జరగాలో చెప్పే అంకె. పంపింది ఎక్స్ డెబ్భై నాలుగు. వచ్చింది ఎక్స్ ముప్పై నాలుగు.

 బాబాయి మెషీను దగ్గరికి నడిచి తెర మీద ఆ లైను వెతికి చూశాడు. అక్కడా ముప్పై నాలుగే. దారిలోనే మారింది. మెషీను కిక్కురుమనలేదు.

"ఇంత అడ్డగోలుగా మారితే మెషీనుకి తెలియదా?" అన్నాడు వెనకే వచ్చిన మేనల్లుడు. గొంతు తగ్గించాడు.

"తెలుస్తుంది. నువ్వు పంపే ప్రతి అక్షరం వెంటా ఒక సాక్షి వస్తాడనుకో. లోపల గుర్తులు సరి అంకెలో ఉన్నాయా లేదా అని చూస్తాడు. ఒక్క గుర్తు అటూ ఇటూ అయినా కేక వేస్తాడు. వెల్డింగు దెబ్బకి ఒక్క గుర్తు చెరిగితే అయిదు ఒకటవుతుంది. ఏడు మూడవుతుంది."

"మరి కేక వెయ్యలేదేం?"

టంకం బాబాయి సెట్టింగుల పేజీ తెరిచి మూడో వరస మీద వేలు పెట్టాడు. మేనల్లుడు సున్నాని చూశాడు, వేలిని చూశాడు, ఆ వేలు ఎవరిదో చూశాడు.

"మామయ్యకి చెబుతారా?"

"నువ్వయితే చెబుతావా?"

అతను తిరిగి వెళ్లి, తేడా వచ్చిన పేజీని అచ్చు తీసి, మడిచి, బాబాయి చొక్కా జేబులో పెట్టాడు.

రుద్దుడు బల్ల షెడ్డు చివర, స్నానాల గది గోడ పక్కన. మెషీను కోసిన మూతల అంచుల్లో మిగిలిన ముళ్లని అక్కడ ఆకురాయితో రుద్ది తీస్తారు. కొత్తగా చేరినవాళ్లకిచ్చే పని. శుక్రవారం పదకొండింటికి టంకం బాబాయి వెళ్లేసరికి లెక్కలక్క ముందు రుద్దిన మూతలు పదేసి చొప్పున దొంతరలుగా ఉన్నాయి. వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుంది.

"కూర్చోండి బాబాయ్. ఆ స్టూలు ఒక కాలు కుంటిది, గోడకి ఆనించి కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. జేబులో కాగితం తీసి విప్పాడు. ఆమె చూడలేదు.

"పదకొండోసారి దొరికిందా?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"నిన్న ఆ వెల్డింగాయన అన్నం మానేసి గీతలు గీస్తుంటే, మీరు నా మెషీనుకి పంపుతూ ఉన్నారు. పంపడం మొదలైనప్పుడల్లా టక్కుమంటుంది కదా అది. పదకొండు టక్కులు. తర్వాత ఆగిపోయారు." ఆకురాయి ఆగలేదు. "ఊరికే కూర్చోబెడితే ఏంచేస్తాను, లెక్కబెడతాను."

"అమ్మాయ్, అది నీ వేలు కాదు. నా చెయ్యి. మూడు నెలల కింద ఆ అలారం ఆపేసింది నేనే. ఫోర్‌మన్ ప్రాణం తీస్తుంటే తట్టుకోలేక సున్నా పెట్టేశాను."

ఆకురాయి ఆగింది.

"ఫోర్‌మనా?"

"ఆయనే కదా రోజూ వెంటపడింది."

"ఆయన ఆ వారం సెలవు బాబాయ్. వాళ్లమ్మాయి కాన్పుకి వెళ్లాడు. వెంటపడింది నేను." ఆమె ఆకురాయిని గుడ్డకేసి తుడిచింది. "మా అత్తగారు మంచంలో ఉన్నారు. ఆరింటికల్లా ఇంటికి చేరాలి. ఆ కూత వల్ల ఏడున్నరవుతుండేది. బాబాయ్ బాబాయ్ దాని నోరు మూయించండని మూడు రోజులు మీ ప్రాణం తీశాను. నిచ్చెన పట్టుకున్నది నేనే. మీరు పైనుంచి దిగి, 'కేబులు మళ్లించాలి, రోజు పడుతుంది' అన్నారు. 'ఇప్పటికి ఏదో ఒకటి చెయ్యండి' అన్నాను. చేశారు. టీ కూడా నేనే తెచ్చిచ్చాను."

టంకం బాబాయికి ఆ టీ గుర్తొచ్చింది. పంచదార ఎక్కువైన టీ. గ్లాసు అందించిన చేతిని మాత్రం ఎక్కడో పోగొట్టుకుని, దాని స్థానంలో ఫోర్‌మన్ని నిలబెట్టుకున్నాడు.

"మంగళవారమే తెలుసా నీకు?"

"ఆ పది చూడగానే తెలిసింది. మీ మొహం చూశాక ఇంకా బాగా తెలిసింది."

"మరి అక్కడే చెప్పలేకపోయావా?"

"ఏమని? మీరు రిటైరవడానికి నాలుగు నెలలే. పొడిగింపు రావాలి, చిన్నబాబు చదువుకోవాలి. మీ పేరు చెప్పి నేను బయటపడనా? అడిగింది నేనైనప్పుడు?" మళ్లీ ఆకురాయి తీసుకుంది. "పొద్దున సంతకం పెట్టేశాను బాబాయ్. ఇంక వదిలేయండి. నాకింకా ఇరవయ్యేళ్లు ఒంట్లో ఓపికుంది. ఎక్కడో ఒక మెషీను దొరక్కపోదు."

"మెషీను విరగ్గొట్టానని సంతకం పెట్టినవాళ్లకి ఎవరిస్తారే మెషీను?"

ఆయన ఆమెని ఎప్పుడూ అలా ఏకవచనంలో కసరలేదు. ఆమె తల వంచుకుని తర్వాతి మూత అందుకుంది. ముల్లు గుచ్చుకుని పీలిక మీద ఎర్రటి చుక్క తేలింది. దాన్ని ఆమె గాని ఆయన గాని పట్టించుకోలేదు.

శనివారం అందరికంటే ముందు టంకం బాబాయి వచ్చాడు. నాలుగు మెషీన్ల దగ్గరా ఆగి, నాలుగు తెరల మీదా మూడో వరసలో ఒకటి పెట్టాడు. తర్వాత పనిముట్ల పెట్టె మీద కాగితం పరిచి రాశాడు. ఆయన అక్షరాలు టంకం చుక్కల్లా చిన్నవి, గుండ్రనివి.

ఎనిమిదిన్నరకి నిప్పుల మామ పని మొదలుపెట్టాడు. ఎనిమిదీ నలభైకి మూడో మెషీను కీ మంది. దాని ఆపరేటరు ఉలిక్కిపడి, మళ్లీ పంపమని కంప్యూటరు గదికి సైగ చేశాడు. అంతలో నాలుగోది అందుకుంది. టూలూ క్లాంపూ కొత్తవి వేసిన రెండోది కూడా, సోమవారం పని కోసం ప్రోగ్రాము ఎక్కిస్తుంటే, గొంతు కలిపింది. మూడు నెలలుగా నోరు కట్టేసిన కుక్కల్ని ఒకేసారి విప్పినట్టుంది.

యజమాని పరుగున వచ్చాడు, వెనకే మేనల్లుడు. "ఏంటీ గోల? మధ్యాహ్నం లారీ వస్తోంది, ఏంటీ గోల?"

టంకం బాబాయి కాగితం ఇచ్చాడు, అచ్చు తీసిన పేజీతో కలిపి. యజమాని నిలబడే చదివాడు. మెషీన్లు అరుస్తున్నాయి.

'కేబులు బాగానే ఉంది. తప్పుని పట్టే ఏర్పాటుని నేను మూడు నెలల కింద ఆపేశాను. వెల్డింగు కరెంటు తీగా, ఈ కేబులూ ఒకే ట్రేలో ఉన్నందువల్ల దారిలో అంకెలు మారుతున్నాయి. అదే ప్రోగ్రాముని గురువారం పదకొండుసార్లు పంపితే ఒకసారి మారింది. రెండో మెషీను ఆపరేటరు అంకె మార్చలేదు.' కింద సంతకం.

"ఇది ఫైల్లో పెడితే మీ పొడిగింపు ఉండదు. తెలుసా?"

"తెలుసు సార్."

"ఆవిడ కాగితం ఆల్రెడీ నా బల్ల మీద ఉంది. దీన్ని నేను చదవలేదనుకుంటా. ఆ అలారాలు మళ్లీ ఆపేసి మీ పని మీరు చూసుకోండి."

టంకం బాబాయికి భార్య తడిపి పిండే గుడ్డ గుర్తొచ్చింది. మోకాలు లాగుతోంది. పక్కనున్న పెట్టె మీద కూర్చోవాలనిపించింది, కూర్చున్నాడు.

"నేను ఆపను సార్. ఒకసారి ఆపాను, చాలు."

యజమాని మేనల్లుడి వైపు తిరిగాడు. "నువ్వు ఆపరా."

మేనల్లుడు మూడో మెషీను తెర ముందుకెళ్లాడు. అతనికి ఆ పేజీ తెలుసు, వరస తెలుసు, గడి తెలుసు. కాసేపు మీటల మీద వేళ్లు ఆడించాడు.

"ఎక్కడుందో నాకు తెలీదు మామయ్యా," అన్నాడు.

వెల్డింగు ఆగింది. కూతలూ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో యజమాని కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదివాడు. ఒక చోట ఆగిపోయాడు. ఆ తీగలు రెండూ ఒకే ట్రేలో ఎందుకున్నాయో ఆయనకీ గుర్తొచ్చింది. టంకం బాబాయి కొత్త ట్రే అడిగిన రోజు, ఖాళీ ఉందిగా అందులోంచే లాగెయ్ అన్నది ఆయనే.

"ఒకే ట్రేలో వేయమన్నది ఎవరో రాయలేదే?"

"రాయలేదు సార్."

యజమాని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇది ఫైల్లోకే వెళ్తుంది, బాబాయ్," అన్నాడు. కోపం లేదు, జాలీ లేదు. "కొన్నవాళ్లు ఇది చదివాక పొడిగింపు నా చేతిలో లేనట్టే. కేబులు మళ్లించడానికి ఎంతసేపు?"

"సాయంత్రం దాకా. నాలుగు మెషీన్లూ ఆగాలి."

"లారీవాడికి ఫోన్ చేస్తా." రెండడుగులు వేసి ఆగాడు. "నిచ్చెన పట్టుకోవడానికి ఎవర్నయినా తీసుకోండి."

"రుద్దుడు బల్ల దగ్గర ఒక మనిషుంది సార్."

యజమాని అటు చూశాడు. లెక్కలక్క మూత చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఆయన గాజు గదిలోకి వెళ్లి, ఒక కాగితంతో తిరిగి వచ్చి, దాన్ని ఆమె ముందు దొంతర మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆమె సంతకం మీద అప్పుడే నూనె మరక పడింది.

ఆ రోజంతా షెడ్డులో చప్పుడు లేదు. టంకం బాబాయి పాత ట్రేలోంచి కేబుళ్లు తీసి, చుట్టలు చుట్టి భుజానికి తగిలించుకుని, అవతలి గోడ పొడవునా మేకులు కొట్టుకుంటూ వెళ్లాడు. ఎక్కడం, దిగడం, నిచ్చెన జరపడం, మళ్లీ ఎక్కడం. పద్దెనిమిది సార్లని కింద ఒకరు లెక్కబెట్టారు. మధ్యలో నిప్పుల మామ వచ్చి, మొన్నటి కూర బాకీ అని గుర్తుచేసి వెళ్లాడు.

"ఇంట్లో ఏం చెబుతారు బాబాయ్?" అంది ఆమె కిందనుంచి.

"ప్రతి స్విచ్చీ విప్పి చూస్తానని చెబుతా."

ఆమెకి అర్థం కాలేదు.  నిచ్చెన కాళ్లని తన కాళ్లతో అదిమి పట్టింది.

అయిదింటికి ఆఖరి కట్టు బిగించాడు. దిగే ఓపిక లేదు. పైనుంచే చెయ్యి ఊపాడు. గోడ అవతల నిప్పుల మామ అంటించాడు, నీలం వెలుగు పడింది. కంప్యూటరు గదిలో మేనల్లుడు మీట నొక్కాడు. రెండో మెషీను టక్కుమంది.

మూడో వరసలో ఒకటే ఉంది. మంగళవారం నాటి ప్రోగ్రాము పది నిమిషాలూ వెళ్లింది. మెషీను ఒక్క కూత పెట్టలేదు.

నిచ్చెన మీదనుంచి ఆయనకి తెర కనబడదు. "చూడు," అన్నాడు.

ఆమె వేళ్ల పీలికలు విప్పి జేబులో పెట్టుకుంది. ముట్టుకోవద్దన్న మెషీను ముందుకి వెళ్లి, చేతులు రెండూ తుడుచుకుని, లైన్లు ఒక్కొక్కటే కిందికి జరిపింది. తొందరపడలేదు. ఆ లైను దగ్గర ఆగింది.

"ఎంతుంది?"

"యాభై, బాబాయ్."